కందకు లేని దురద కస్టమ్స్‌కెందుకు?

సుంకరి ముందు సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు అని మనకొక సామెత. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని మరొకటి. ఈ రెండు సామెతలకూ ఎక్కడో చుట్టరికం కలుస్తుందని మన పెద్దలు అనుకుని ఉండరు. అల్ ఘర్రాఫాలో కాపురముంటున్న మనకు మాత్రం కలిసింది. పండుగ విందులో కంద బచ్చలి కూర వడ్డించాలంటే ఆ కంద ముందుగా సుంకరి గుమ్మం దాటి రావాలి. ఆయన దాన్ని ఏ పేరుతో పిలిచాడు, దాని మీద ఏ అంకె వేశాడు అన్నదాన్ని బట్టి దాని ధరా, అది వచ్చే రోజూ, ఒక్కోసారి అసలది వస్తుందా రాదా అన్నదీ తేలుతుంది.

మనలో చాలామందిమి డాక్టర్లం, ఇంజనీర్లం. సుంకాల సంగతి వ్యాపారస్థుల గొడవ అని వదిలేస్తాం. కానీ వారానికొకసారి సామాన్ల బండి తోసుకుంటూ ఫ్రీజర్ అరల ముందు నిలబడేది మనమే. ఆ అర వెనుక ఒక పెద్ద గ్రంథం ఉంది. అది ఎలా పని చేస్తుందో కాస్త తెలుసుకుంటే మన డబ్బు ఎక్కడికి పోతోందో తెలుస్తుంది. గోదావరి గట్టున కంద వేసే రైతుకూ మనకూ మధ్య ఉన్న దూరం ఎన్ని మైళ్లో, ఎన్ని కాగితాలో కూడా తెలుస్తుంది.

ఒక దుంప, వంద పేర్లు

మన పేటలో ఏ పెద్ద దుకాణానికి వెళ్లినా, సందు చివరి బకాలాకు వెళ్లినా ఫ్రీజర్‌లో దుంపల పాకెట్లు వరుసగా కనబడతాయి. ఎక్కువ భాగం మలయాళీ సోదరుల పుణ్యం. వాళ్ల పాకెట్ మీద 'చేన' అని ఉంటే అది మన కంద. 'చేంబు' అంటే చామదుంప. 'కాచిల్' అంటే పెండలం. 'కప్ప' అని ఉంటే పిల్లలు బెదిరిపోనక్కరలేదు, అది మన కర్రపెండలమే! పక్క అరలో ఫిలిప్పీన్స్ వాళ్ల 'గాబి' ఉంటుంది. అదీ చామ జాతే. వాళ్ల 'ఉబే' ఊదారంగు పెండలం. ఈజిప్టు వాళ్లు చామను 'కుల్కాస్' అంటారు, ఉత్తరాది వాళ్లు 'అర్వీ' అంటారు.

ఇతరుల మాట అలా ఉంచి మన ఇంటి సంగతి చూడండి. కోస్తాలో 'కంద' అంటే పైన గరుగ్గా, ఏనుగు పాదంలా ఉండే ఆ పెద్ద దుంప. తెలంగాణలో శివరాత్రి ఉపవాసానికి ఉడకబెట్టుకునే 'కందగడ్డ' అంటే తియ్యటి చిలగడదుంప. రాయలసీమ వాళ్లు దాన్నే గెనుసుగడ్డ అంటారు. ఇక బంగాళాదుంప, ఆలుగడ్డ, ఉర్లగడ్డ అని ఒక్క దుంపకే మూడు పేర్లు పెట్టుకున్నవాళ్లం. మన సంఘం వంటల పోటీలో 'కంద' తెమ్మంటే రెండు ప్రాంతాల ఆడపడుచులు రెండు వేరు వేరు దుంపలు తెస్తే తప్పు ఎవరిదీ కాదు.

ఇంట్లో ఇది నవ్వుకునే విషయం. రేవులో నవ్వుకునే విషయం కాదు. అక్కడి ఉద్యోగికి చేన తెలియదు, కంద తెలియదు, కుల్కాస్ మాత్రం తెలిసి ఉండవచ్చు. అందుకని ప్రపంచంలోని దేశాలన్నీ కూడి పేర్ల బదులు అంకెలు పెట్టుకున్నాయి.

నీలం పలక లాంటి అంకె

ఖతర్‌లో ప్రతి భవనం గోడ మీదా ఒక నీలం పలక ఉంటుంది. జోన్ నంబరు, వీధి నంబరు, భవనం నంబరు అని మూడు అంకెలు. మన అల్ ఘర్రాఫా 51వ జోన్‌లో ఉంది. అంబులెన్సు డ్రైవరుకు మన ఇంటి పేరు, ఊరి పేరు చెప్పనక్కరలేదు, ఆ మూడు అంకెలు చెబితే చాలు.

సరుకులకూ సరిగ్గా అలాంటి పలకే ఉంది. దాన్ని 'హార్మొనైజ్డ్ సిస్టమ్' అంటారు, వాడుకలో హెచ్.ఎస్. కోడ్. బ్రస్సెల్స్ నగరంలో 1952లో ఏర్పడిన కస్టమ్స్ సహకార మండలి దీన్ని తయారు చేసింది. ఆ మండలికే 1994 నుంచి ప్రపంచ కస్టమ్స్ సంస్థ అని పేరు. ఈ పద్ధతి 1988 జనవరి 1న అమల్లోకి వచ్చింది. నేడు రెండు వందలకు పైగా దేశాలు, ప్రాంతాలు దీన్ని వాడుతున్నాయి. బతికున్న గుర్రం నుంచి అలంకారాల బొమ్మ దాకా లోకంలో అమ్ముడయ్యే ప్రతి వస్తువుకూ ఇందులో చోటుంది. మొత్తం 21 విభాగాలు, 97 అధ్యాయాలు. అందులో 77వ అధ్యాయాన్ని ముందు ముందు అవసరానికి ఖాళీగా ఉంచారు.

అంకెలో మొదటి రెండు స్థానాలు అధ్యాయం, అంటే జోన్. తరువాతి రెండు శీర్షిక, అంటే వీధి. చివరి రెండు ఉపశీర్షిక, అంటే ఇంటి నంబరు. కూరగాయలు, దుంపల అధ్యాయం 07. అందులో పిండిపదార్థం ఎక్కువగా ఉండే దుంపల వీధి 0714. ఆ వీధిలో ఇళ్లు ఇలా ఉన్నాయి. కర్రపెండలం 0714.10, చిలగడదుంప 0714.20, పెండలం 0714.30, చామ 0714.40. చామకు దాయాది అయిన అమెరికా దుంప 'యౌతియా' 0714.50. మిగిలినవన్నీ 0714.90, అంటే 'ఇతరములు'.

చామదుంప అనండి, చేంబు అనండి, గాబి అనండి, కుల్కాస్ అనండి, అందరిదీ 0714.40 ఇల్లే. ఎంత హాయి! కానీ కంద సంగతి అలా కాదు. తెలంగాణ కందగడ్డ 0714.20 ఇంట్లో ఉంటే కోస్తా కంద 0714.90 ఇంట్లో ఉంటుంది.

ఇక ఇంగ్లీషులో 'యామ్' అన్న మాట పుట్టించే చిక్కు అంతా ఇంతా కాదు. శాస్త్రం ప్రకారం యామ్ అంటే డయోస్కోరియా జాతి, మన పెండలం. అమెరికాలో నారింజరంగు చిలగడదుంపను కూడా యామ్ అనేస్తారు. మన కందను 'ఎలిఫెంట్ ఫుట్ యామ్' అంటారు గాని దానికీ డయోస్కోరియాకూ ఏ సంబంధమూ లేదు. అది అమోర్ఫోఫాలస్ అనే వేరే జాతి, చామ కుటుంబానికి చెందినది. బిల్లులో ఉత్త 'యామ్' అని రాస్తే అది మూడు ఇళ్లలో ఏ ఇంటి తలుపైనా తట్టవచ్చు.

చామ మారదు, క్యారట్ మారుతుంది

ఈ గ్రంథంలో మనవాళ్లకు వింతగా తోచే సంగతి ఇంకొకటి ఉంది. మనం భూమిలోంచి తవ్వి తీసేవన్నీ దుంపలే అనుకుంటాం. కస్టమ్స్ వాళ్లు అలా అనుకోరు. ఉల్లిగడ్డ పేరులో గడ్డ ఉన్నా దాని వీధి 0703. అల్లం, పసుపు భూమిలో పెరిగే కొమ్ములే అయినా అవి సుగంధద్రవ్యాలతో కలిసి 09వ అధ్యాయంలో, 0910 వీధిలో ఉంటాయి. వేరుశనగకు పేరులోనే వేరు ఉంది, అయినా దాన్ని 12వ అధ్యాయంలో నూనెగింజల మధ్య కూర్చోబెట్టారు.

గడ్డకట్టించినప్పుడు ఏమవుతుందో చూడండి. తాజా క్యారట్, ముల్లంగి, బీట్‌రూట్‌ల వీధి 0706. వాటినే గడ్డకట్టిస్తే ఆ వీధి ఖాళీ చేసి 0710కి వెళ్లిపోవాలి. అది ఫ్రోజెన్ కూరగాయల వీధి. ఎండబెడితే 0712. వెనిగర్‌లో ఊరవేస్తే ఏకంగా 20వ అధ్యాయం, 2001. చక్కెరపాకంలో నిలవ చేస్తే 2006. పాపం క్యారట్, అద్దె ఇళ్లు మారే కొత్త కాపురం లాంటిది!

చామ, కర్రపెండలం మాత్రం సొంతింటివాళ్లు. తాజాగా ఉన్నా, చల్లబరిచినా, గడ్డకట్టించినా, ఎండబెట్టినా 0714లోనే ఉంటాయని ఆ శీర్షికలోనే రాసి ఉంది. ముక్కలు కోసినా మారవు. కర్రపెండలం పిండి అయితే 1106, గంజిపొడి అయితే 1108, సగ్గుబియ్యం అయితే 1903. మన పాత తూర్పుగోదావరిలోని పెద్దాపురం, సామర్లకోట ప్రాంతం సగ్గుబియ్యానికి పేరుపడ్డది గదా. అక్కడి రైతు పొలంలో కర్రపెండలంగా పెరిగింది మన ఇంట్లో పాయసంలోకి వచ్చేసరికి మూడు అధ్యాయాలు దాటి వస్తుందన్నమాట.

వేగితే పేటే మారుతుంది

ఇప్పుడు అసలు మెలిక. 0710 శీర్షికలో ఒక షరతు ఉంది. కూరగాయ పచ్చిదైనా కావచ్చు, ఆవిరి మీదో నీళ్లలోనో ఉడికినదైనా కావచ్చు. నూనెలో వేగకూడదు. వేగిందంటే దాని పేట మారిపోతుంది. 07 నుంచి 20కి, అంటే 'తయారుచేసిన ఆహారాల' అధ్యాయానికి.

బంగాళాదుంప జాతకం చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. తాజాది 0701. పచ్చిగా గానీ ఉడికించి గానీ గడ్డకట్టించినది 0710.10. సగం వేయించి గడ్డకట్టించిన ఫ్రెంచ్ ఫ్రైస్ 2004.10. కరకరలాడే చిప్స్ 2005.20. పొడి, అటుకులు చేస్తే 1105. ఒకే దుంపకు అయిదు చిరునామాలు!

మన పిల్లలు శుక్రవారం సాయంత్రం అడిగే ఫ్రెంచ్ ఫ్రైస్ విషయం చిన్నదేమీ కాదు. ఆ 2004.10 అంకె మీద దేశాలు తగవులాడుకున్నాయి. బెల్జియం, నెదర్లాండ్స్, జర్మనీల ఫ్రైస్ మరీ చవగ్గా వచ్చి పడుతున్నాయంటూ కొలంబియా 2018 నవంబరులో అదనపు సుంకం వేసింది. ఐరోపా సమాజం ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసింది. ఆ సంస్థ పై కోర్టు 2019 చివరి నుంచి పని చేయడం లేదు గనుక కొన్ని దేశాలు తమలో తాము మధ్యవర్తిత్వ పద్ధతి ఒకటి పెట్టుకున్నాయి. ఆ పద్ధతి కింద 2022 డిసెంబరు 21న వెలువడ్డ మొట్టమొదటి తీర్పు ఈ బంగాళాదుంప ముక్కల కేసుదే. పప్పన్నంలోకి నంజుకునే వేపుడు అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో అలా చోటు సంపాదించుకుంది.

ఇందులో మనకు సంతోషించదగ్గ సంగతి ఉంది. ఒకప్పుడు భారతదేశం ఫ్రోజెన్ ఫ్రైస్‌ను బయటి నుంచి తెప్పించుకునేది. గుజరాత్‌లో మెహసానా, బనస్‌కాంఠా ప్రాంతాల రైతులు ఫ్రైస్‌కు తగిన బంగాళాదుంప రకాలు పండించడం, అక్కడే ఫ్యాక్టరీలు వెలవడంతో కథ తిరగబడింది. 2023-24లో భారత్ ఎగుమతి చేసిన ఫ్రైస్ లక్షా ముప్ఫై వేల టన్నులు దాటాయి. దుంప పండించే రైతు పక్కనే గడ్డకట్టించే యంత్రం ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కరలేదు.

కూరా, పండా, పశువుల దాణానా?

ఇలా వర్గీకరణ కోసం కోర్టుకెక్కడం కొత్త కాదు. అమెరికాలో 1883 నాటి సుంకం చట్టం కూరగాయల మీద పది శాతం పన్ను వేసి పండ్లను వదిలిపెట్టింది. నిక్స్ అనే వ్యాపారి టమాటా వృక్షశాస్త్రం ప్రకారం పండే గదా, పన్నెందుకు అని న్యూయార్క్ రేవు అధికారి హెడెన్ మీద దావా వేశాడు. 1893 మే 10న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. శాస్త్రం ఏమన్నా జనం దాన్ని భోజనంలో కూరగా తింటున్నారు గనుక అది కూరగాయే అని! ఐరోపా వాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. జామ్‌ల గురించి 2001లో చేసిన నిబంధనలో, ఆ జామ్ వరకు క్యారట్‌నూ చిలగడదుంపనూ పండ్లుగానే లెక్కించమన్నారు.

ఇవి చదివి నవ్వుకున్నా, ఒక అంకె ఊళ్లకు ఊళ్లను మార్చేయగలదు. ఐరోపాలో ధాన్యం దిగుమతుల మీద భారీ పన్నులుండేవి. కర్రపెండలం మీద మాత్రం ఆరు శాతం మించి వేయమని 1960లలోనే ఒప్పుకున్నారు. పశువుల దాణా వ్యాపారులు అది కనిపెట్టారు. ధాన్యం బదులు థాయిలాండ్ నుంచి కర్రపెండలం గుళికలు తెప్పించడం మొదలుపెట్టారు. థాయిలాండ్ ఈశాన్య ప్రాంతంలో మెట్టభూములన్నీ కర్రపెండలం తోటలయ్యాయి. చివరికి 1982లో ఐరోపా, థాయిలాండ్ ఎగుమతులకు హద్దు పెట్టుకోవలసి వచ్చింది. 0714 శీర్షికలో 'గుళికల రూపంలో ఉన్నా సరే' అన్న మాట ఎందుకుందా అనుకునేవాళ్లకు ఈ కథ చాలు.

మోటుపల్లి మాట

సుంకం అంటే దోపిడీ అనుకోకూడదు. అది ముందుగా రాసిపెట్టి ఉండకపోతేనే దోపిడీ అవుతుంది. ఈ సంగతి మన తెలుగు రాజుకు దాదాపు ఎనిమిది వందల ఏళ్ల కిందటే తెలుసు. కాకతీయ గణపతిదేవుడు 1244లో నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో ఒక అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు తుఫానులో ఓడ దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా రాజులు స్వాధీనం చేసుకునేవారు. ఇకమీదట అలా జరగదు, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం, భయం లేకుండా రండి అని ఆ శాసనం సముద్రవర్తకులకు హామీ ఇచ్చింది. ఎగుమతి దిగుమతుల మీద ముప్పయ్యింట ఒక వంతు అని రేటు చెక్కించాడు. గంధం, కర్పూరం, ముత్యాలు, పట్టు, మిరియాలు, పోకలు వంటి వాటికి దేనికెంతో విడివిడిగా కూడా రాయించాడు. అంటే వస్తువుల వర్గీకరణ, రేట్ల పట్టిక అన్నీ ఆ రాతి స్తంభం మీదే ఉన్నాయి!

ముప్పయ్యింట ఒకటంటే మూడు శాతం పైచిలుకు. నేటి గల్ఫ్ రేటుకు ఎంతో దూరం లేదు.

ఖతర్ లెక్క

గల్ఫ్ సహకార మండలిలోని ఆరు దేశాలూ 2003 జనవరి 1న కస్టమ్స్ యూనియన్‌గా ఏర్పడ్డాయి. బయటి దేశాల నుంచి వచ్చే ఎక్కువ వస్తువుల మీద అన్నిటిదీ ఒకే రేటు, 5 శాతం. బియ్యం, గోధుమల వంటి నిత్యావసరాలనూ తాజా కూరగాయలనూ మినహాయించారు. సరుకు యూనియన్‌లో మొదట అడుగుపెట్టిన రేవులోనే సుంకం కట్టాలి, తరువాత సరిహద్దు దాటినా మళ్లీ కట్టనక్కరలేదు అన్నది దీని మూలసూత్రం. ప్రపంచ పద్ధతి ఆరు అంకెల దగ్గర ఆగుతుంది. ఆ తరువాతి స్థానాలు ఆయా దేశాల ఇష్టం. గల్ఫ్ దేశాలు మొదట ఎనిమిది అంకెలు వాడి 2025 నుంచి పన్నెండు అంకెల పట్టికకు మారాయి.

కాబట్టి ఫ్రోజెన్ దుంప విషయంలో వ్యాపారి చేసే మొదటి పని, తన దుంప ఏ వరుసలో ఉందో, ఆ వరుసకు ఎదురుగా 'మినహాయింపు' అని ఉందో '5 శాతం' అని ఉందో చూసుకోవడం. ఆ తేడా మన జేబుకు ఎంత?

ఒక లెక్క వేసుకుందాం. పది టన్నుల ఫ్రోజెన్ దుంపలు, ఖరీదూ ఓడ బాడుగా బీమా అన్నీ కలిపి కిలోకు 6 రియాళ్లు పడ్డాయనుకోండి. మొత్తం 60,000 రియాళ్లు. 5 శాతం సుంకం 3,000 రియాళ్లు. కిలోకు 30 దిర్హాములు. 400 గ్రాముల పాకెట్‌కు 12 దిర్హాములు! రియాల్‌కు వంద దిర్హాములు గనుక, సుంకం పేరు చెప్పి ఎవరైనా పాకెట్ ధర ఒకటి రెండు రియాళ్లు పెంచితే ఆ లెక్క కుదరదని ఇంటి ఇల్లాలు నిర్మొహమాటంగా చెప్పవచ్చు.

మరి అసలు ఖర్చు ఎక్కడుంది? చలిలో ఉంది, ఆలస్యంలో ఉంది. ఫ్రోజెన్ సరుకు పొలం దాటిన దగ్గర నుంచి మన వంటింటి దాకా మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. జులైలో రేవులో బయట 45 డిగ్రీలుంటే ఆ పెట్టె లోపలికీ బయటికీ అరవై డిగ్రీలకు పైగా తేడా. కంటైనర్ రేవులో ఆగిన ప్రతి రోజుకూ కరెంటు చార్జీ, చోటు చార్జీ, పెట్టె అద్దె పడతాయి. అది ఎందుకు ఆగుతుంది? బిల్లులో 'యామ్' అనీ, ఆరోగ్య ధ్రువపత్రంలో 'టారో' అనీ, పాకెట్ మీద 'చేన' అనీ ఉంటే ఏ ఉద్యోగికైనా అనుమానం వస్తుంది. శాంపిల్ తీయమంటాడు, వివరణ అడుగుతాడు. మూడు వేల సుంకం మిగుల్చుకుందామని చూసిన వ్యాపారి అంతకు మించి పోగొట్టుకుంటాడు. ఆ నష్టం చివరికి వచ్చి పడేది మన సామాన్ల బండిలోనే.

రేవు ఎంత ముఖ్యమో 2017లో ఇక్కడున్నవాళ్లకు చెప్పనక్కరలేదు. ఆ ఏడు జూన్ 5న, రంజాన్ మాసంలో, పొరుగు దేశాలు ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. అబూ సమ్రా దగ్గర ఏకైక భూసరిహద్దు మూతపడింది. అప్పటిదాకా దేశానికి వచ్చే ఆహారంలో సుమారు నలభై శాతం ఆ దారినే వచ్చేది. మన దేశపు కంటైనర్లలో చాలా భాగం జెబెల్ అలీలో దిగి, చిన్న ఓడలెక్కి దోహా చేరేవి. ఆ దారీ మూసుకుంది. కొద్ది రోజుల్లోనే ముంద్రా, నవాశేవా రేవుల నుంచి నేరుగా హమద్ పోర్టుకు ఓడలు మొదలయ్యాయి. ఒమన్‌లోని సోహార్, సలాలా రేవులు ఆదుకున్నాయి. 2021 జనవరి 5న అల్ ఉలా ఒప్పందంతో ఆ కష్టం తీరింది గాని, నేరుగా వచ్చే దారి ఉంటే ఎంత మేలో అందరికీ తెలిసొచ్చింది.

'ఇతరములు'లో మన కంద

ఇప్పుడు ఈ వ్యాసానికి ప్రాణమైన ప్రశ్న. చామకూ పెండలానికీ సొంత అంకెలు ఎప్పటి నుంచి ఉన్నాయో తెలుసా? 2012 నుంచే. అంతకు ముందు అవి కూడా 'ఇతరములు'లోనే ఉండేవి. ఆఫ్రికాలో, పసిఫిక్ దీవుల్లో కోట్ల మంది వీటి మీద బతుకుతున్నా వాటి వ్యాపారం ఎంతో లెక్క తెలియడం లేదని, ఆహార భద్రత కోసం ఇలాంటి పంటలను విడిగా చూపాలని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పూనుకోవడంతో ఆ ఏటి కూర్పులో ఎన్నో ఆహార పదార్థాలకు కొత్త అంకెలు వచ్చాయి.

మన కందకు రాలేదు. 2022 కూర్పులో కూడా దానికి 0714.90 ఇల్లే. దీనివల్ల నష్టమేమిటి అంటారా? లెక్కలో విడిగా లేని పంటకు గిరాకీ ఎంతో విడిగా తెలియదు. గల్ఫ్‌కు ఏటా ఎంత కంద వస్తోందని ఎవరైనా అడిగితే ఆ ఆరు అంకెల పద్దులోంచి జవాబు రాదు. జవాబు లేనిచోట ఫ్యాక్టరీ పెట్టడానికి బ్యాంకు అప్పివ్వడానికి జంకుతుంది, వ్యాపార ఒప్పందాల చర్చల్లో దాని పేరెత్తేవారుండరు.

నిజానికి కంద విషయంలో తెలుగు నేలకు గర్వించదగ్గ చరిత్ర ఉంది. దేశమంతటా సాగవుతున్న 'గజేంద్ర' రకం గోదావరి పశ్చిమ తీరాన కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానంలో ఎంపికచేసిన స్థానిక రకం. దాని గొప్పతనం, దురద లేకపోవడం. కంద దురదకు కారణం దానిలో సూదుల్లా ఉండే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. గడ్డకట్టిస్తే ఆ సూదులు పోవు. బాగా ఉడకాలి, చింతపండు పులుసో నిమ్మరసమో తగలాలి. మన అమ్మమ్మలు కంద బచ్చలిలో పులుపు వేయడం రుచి కోసమే కాదు. దురద లేని రకాన్ని మన గట్టు మీదే పట్టుకోగలిగాం, కానీ ఇక్కడి ఫ్రీజర్‌లో ఎక్కువగా కనబడేది కొచ్చి నుంచి వచ్చిన చేన పాకెట్టే. మలయాళీలను అనవలసింది లేదు. వాళ్లు తమ పిల్లలు ఎక్కడున్నారో చూసుకుని అక్కడికి తమ దుంపను పంపారు. మనం పంపలేదు, అంతే.

పంపడానికి ఏం కావాలి? ప్రపంచ పుస్తకం మారేదాకా ఆగనక్కరలేదు. ఆరు అంకెల తరువాతి స్థానాల్లో ఏ దేశమైనా కందకు ఒక వరుస కేటాయించుకోవచ్చు. ఎగుమతులు చూసే 'అపెడా' సంస్థకు రైతు సంఘాలు అర్జీ పెట్టుకోవచ్చు. ఏ అంకె వేయాలో అనుమానమున్న వ్యాపారి సరుకు పంపకముందే కస్టమ్స్ నుంచి రాతపూర్వక నిర్ణయం కోరవచ్చు. 2017 ఫిబ్రవరి 22న అమల్లోకి వచ్చిన వాణిజ్య సౌలభ్య ఒప్పందం మూడో అధికరణం దీనికోసమే ఉంది. పొలానికి దగ్గరగా శుభ్రం చేసి, కోసి, గడ్డకట్టించే ఏర్పాటు కావాలి. 2025 ఫిబ్రవరిలో ఖతర్ అమీర్ ఢిల్లీ వెళ్లినప్పుడు రెండు దేశాల వ్యాపారాన్ని 2030 నాటికి రెట్టింపు చేసుకోవాలని అనుకున్నారు. అందులో గ్యాసుదే సింహభాగం అన్నది నిజమే. ఒక మూలన కందకు కూడా చోటు దొరకకపోదు.

మనం చేయగలిగింది

మన సంఘంలో తరచు వినబడే మాట ఒకటుంది. "పండుగ భోజనాలకు మనమే ఊరి నుంచి తెప్పించుకుంటే పోలా?" అని. తెప్పించుకోవచ్చు గాని సూట్‌కేసులో తెచ్చుకున్నట్టు కాదు. దిగుమతి చేసుకునేవారికి వ్యాపార రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ జాబితా, ఓడ రసీదు, ఏ దేశపు సరుకో చెప్పే పత్రం, ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. పాకెట్ మీద అరబిక్‌లో వివరాలు, తయారీ తేదీ, గడువు తేదీ ఉండాలి. కనుక ఆ పని తెలిసిన వ్యాపారికే వదిలి, మనం గిరాకీని కూడగట్టడం తెలివైన పని. పండుగకు నెలలు ముందుగా ఇన్ని కుటుంబాలకు ఇంత గజేంద్ర కంద కావాలని ఒక జాబితా రాసి ఇస్తే ఏ వ్యాపారి కాదంటాడు?

కొనేటప్పుడు పాకెట్ తిప్పి చూడడం అలవాటు చేసుకుందాం. శాస్త్రీయ నామం ఉందా? కందకు అమోర్ఫోఫాలస్, చామకు కొలకేసియా, పెండలానికి డయోస్కోరియా. పదార్థాల జాబితాలో దుంప ఒక్కటే ఉందా, నూనె, ఉప్పు కూడా ఉన్నాయా? నూనె ఉంటే అది 07వ అధ్యాయపు దుంప కాదు, 20వ అధ్యాయపు తయారీ. బి.పి. ఉన్నవాళ్లకు ఆ తేడా సుంకం కన్నా ముఖ్యం. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు కంద, చామ మితంగా తినాలి. పాకెట్ లోపల మంచు పలకలు కట్టి, ముక్కలన్నీ ఒకే ముద్దగా ఉంటే అది దారిలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. దాన్ని అరలోనే వదిలేయండి.

మన పిల్లలకు ఈ దుంపల పేర్లు మన నోటితో చెప్పడం కూడా మరిచిపోకూడదు. వాళ్లకు చేన తెలుసు, యామ్ తెలుసు. కంద అంటే ఏమిటో, తెలంగాణ స్నేహితురాలి ఇంట్లో కందగడ్డ అంటే ఏమిటో కూడా తెలియాలి. అంకె సుంకరికి చాలు, మనకు పేరు కావాలి. ఈ పండుగకు విస్తట్లో కంద బచ్చలి వడ్డించినప్పుడు పక్కనున్న పిల్లవాడికి ఆ పేరు ఒకసారి చెప్పండి. వీలైతే కొవ్వూరు పేరు కూడా.